యేసు ఎవరో తేలితేనే క్షమాపణ సంగతి తేలుతుంది

మీరు అడిగినవి నాలుగు. యేసు దేవుడే అయితే తండ్రికి ప్రార్థన చేయడమేమిటి? దేవుడు అంత ప్రేమగలవాడైతే క్షమించడానికి సిలువ ఎందుకు కావలసి వచ్చింది? క్షమించేది దేవుడే అయినప్పుడు మధ్యలో గురువు (ప్రీస్టు) ఎందుకు? నాలుగోది మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. పసితనంలో జ్ఞానస్నానం పొంది, పెద్దయ్యాక చాలాకాలం శ్రీసభకు, అంటే కతోలిక సంఘానికి, దూరంగా ఉన్నారు. ఇప్పుడు తిరిగి రావాలని ఉంది, కానీ చేసినవన్నీ నిజంగా పోతాయంటే మనసు ఒప్పుకోవడం లేదు.

పెద్దవాళ్ళకు సత్యోపదేశం, అంటే కతోలిక విశ్వాస పాఠాలు, చెప్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఈ నాలుగింటికీ విడివిడిగా జవాబు చెబితే అడిగినవాళ్ళకు ఎప్పుడూ తృప్తి కలగలేదు. మొదటిది తేలితే మిగతా మూడూ దాని వెంటే కదులుతాయి. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మార్కు సువార్త రెండో అధ్యాయం తీయండి. కఫర్నాములో యేసు ఒక ఇంట్లో ఉన్నాడు. గుమ్మం దగ్గర కూడా నిలబడే చోటు లేనంత జనం. పక్షవాతంతో పడి ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చారు. లోపలికి దారి దొరక్క పైకెక్కి, యేసు ఉన్న చోటికి సరిగ్గా పైన కప్పు తవ్వి, పడకతో సహా అతణ్ణి కిందికి దించారు. ఆనాటి అక్కడి ఇళ్ళకు దూలాల మీద కొమ్మలూ రెల్లూ పరిచి మట్టి మెత్తేవాళ్ళు, అందుకే తవ్వడం సాధ్యమైంది. కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన మట్టి పెళ్ళలు రాలే ఉంటాయి. ఇంత గొడవ చేసి దించితే ఎవరైనా ఎదురుచూసేది ఒక్కటే, లేచి నడవమంటాడని. ఆయన మాత్రం “కుమారా, నీ పాపాలు క్షమింపబడ్డాయి” అన్నాడు.

అక్కడ కూర్చున్న ధర్మశాస్త్ర బోధకులు లోలోపల మండిపడ్డారు. ఇది దైవదూషణ, దేవుడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడు అనుకున్నారు. చాలా ప్రసంగాల్లో వీళ్ళను మూర్ఖుల కింద జమకట్టేస్తారు. నాకది నచ్చదు. వాళ్ళ సూత్రం నూటికి నూరుపాళ్ళు సరైనదే, యేసు కూడా దాన్ని కాదనలేదు. “క్షమించేది దేవుడే, నేను ఆయన మాట మీకు చేరవేస్తున్నాను, అంతే” అని ఉంటే గొడవ అక్కడితో సద్దుమణిగేది. ప్రవక్తలు చేసింది అదే కదా. ఊరియా భార్య విషయంలో దావీదు తన పాపం ఒప్పుకున్నప్పుడు, ప్రభువు నీ పాపాన్ని తొలగించాడని నాతాను ప్రవక్త చెప్పాడు. తొలగించినది ప్రభువు, నాతాను కబురు తెచ్చినవాడు. యేసు అలా పక్కకు తప్పుకోలేదు. భూమి మీద పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారునికి, అంటే తనకు, ఉందని మీరు తెలుసుకోవాలి అంటూ, కంటికి కనపడని క్షమాపణకు కంటికి కనపడే గుర్తుగా ఆ మనిషిని లేపి, పడక ఎత్తుకుని ఇంటికి వెళ్ళమన్నాడు.

కాబట్టి ఆ ఇంట్లో రెండే దారులున్నాయి. బోధకులు అనుకున్నట్టు అది దైవదూషణ అయినా కావాలి, లేదా ఆ మాట అన్నవాడు దేవుడైనా కావాలి. ఆయన దేవుడేనని శ్రీసభ విశ్వాసం. క్షమాపణ గురించి మనం చెప్పుకునేదంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇక ప్రార్థన సంగతి. దేవుడు తనకు తానే ప్రార్థన చేసుకున్నాడా అని మీరు కాస్త వెటకారంగానే అడిగారు, ఫరవాలేదు. కతోలిక విశ్వాసం ప్రకారం దేవుడు ఒక్కడే, కానీ పిత, పుత్ర, పవిత్రాత్మ ముగ్గురు వ్యక్తులు. పుత్రుడు పిత కాదు. యేసు తండ్రితో మాట్లాడితే అది స్వగతం కాదు, నిజంగా మరో వ్యక్తితో మాట్లాడటమే. పైగా ఆ పుత్రుడు మరియమ్మ గర్భంలో మన స్వభావాన్ని తీసుకున్నాడు. అంటే మనిషి శరీరమే కాదు, మనిషి మనసు, మనిషి సంకల్పం, ఆకలి, అలసట, భయం అన్నీ. అలాంటివాడు మోకరించి ప్రార్థించకపోతేనే వింత.

ఇది తేల్చుకోవడానికి శ్రీసభకు కొన్ని శతాబ్దాలు పట్టింది. నాలుగో శతాబ్దం మొదట్లో అలెగ్జాండ్రియాలో అరియుసు అనే గురువు, పుత్రుడు సృష్టి అంతటికంటే గొప్పవాడే గానీ ఆయనా సృష్టింపబడినవాడే అని బోధించాడు. 325లో పీఠాధిపతులు (బిషప్పులు) కూడిన నైసియా మహాసభ ఆ బోధను తోసిపుచ్చింది. ఆదివారం పూజలో మనం చెప్పే విశ్వాస ప్రమాణంలో “దేవుని నుండి దేవుడు, వెలుగు నుండి వెలుగు” అన్న భాగం అక్కడి నుంచి వచ్చిందే. అప్పుడు డీకనుగా, అంటే గురువు కంటే కింది పదవిలో, ఆ సభకు వెళ్ళిన అథనాసియుసు తర్వాత అలెగ్జాండ్రియా పీఠాధిపతి అయ్యాడు, ఈ విశ్వాసం కోసం ఐదుసార్లు ప్రవాసానికి వెళ్ళాడు. ఆయన వాదన చిన్నదే: సృష్టింపబడినవాడు మరో సృష్టిని దేవునితో కలపలేడు. అరియుసు చెప్పిందే నిజమైతే కఫర్నాములో పక్షవాత రోగి విన్నది ఎంత గొప్పదైనా ఒక తోటి ప్రాణి మాటే. దాంతో అతని పాపం ఎలా పోతుంది?

దీనికి తలకిందులైన పొరపాటు కూడా ఉంది. భక్తిపరుల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. యేసు దేవుడు కాబట్టి ఆయన బాధ, శోధన పైపైవేనని లోలోపల అనుకుంటూ ఉంటారు. నాలుగో శతాబ్దపు పీఠాధిపతి నాజియాంజు గ్రెగోరీ దీనికి గట్టిగా బదులిచ్చాడు, క్రీస్తు తాను తీసుకోనిదాన్ని బాగుచేయలేదని. మనిషి మనసు తీసుకోకపోతే మనిషి మనసుకు వైద్యం జరగలేదన్నమాట. 451లో కాల్సెడాను మహాసభ రెంటినీ కలిపి చెప్పింది: ఒకే వ్యక్తి, నిజంగా దేవుడు, నిజంగా మనిషి, రెండు స్వభావాలు కలగలిసిపోకుండా, విడిపోకుండా. 681లో మూడో కాన్‌స్టాంటినోపిల్ మహాసభ ఇంకొంచెం ముందుకెళ్ళి, ఆయనకు దైవ సంకల్పమూ మానవ సంకల్పమూ రెండూ ఉన్నాయంది. ఆ విషయంలో వెనక్కి తగ్గనందుకు మాక్సిముసు అనే వృద్ధ సన్యాసి నాలుక, కుడిచెయ్యి నరికించుకుని 662లో ప్రవాసంలోనే కన్నుమూశాడు. ఇంత పట్టుదల దేనికంటే, సిలువకు ముందు రాత్రి గెత్సేమని తోటలో యేసు తండ్రితో “నా చిత్తం కాదు, నీ చిత్తమే” అన్న మాట నటన కాకూడదు కదా. మనిషి సంకల్పమే దేవునికి ఎదురు తిరిగింది. అది ఆ తోటలో, ఒక నిజమైన మనిషిలో, తిరిగి తండ్రి వైపు మొగ్గింది.

అంత్యదినపు గడియ తనకు తెలియదని యేసే అన్నాడే అని కూడా రాశారు. అది వెల్లడి చేయడం తన పని కాదన్న అర్థంలోనే శ్రీసభ దాన్ని చదువుతుంది. ఈ నాలుగు ప్రశ్నలకూ దాని అవసరం లేదు గనుక ఇక్కడ వదిలేస్తాను.

సిలువ దగ్గరికొద్దాం. చాలామంది మనసుల్లో ఉన్న బొమ్మ ఇది: తండ్రి కోపంతో ఊగిపోతున్నాడు, ఎవరో ఒకరి రక్తం పారితే గానీ చల్లారడు, యేసు అడ్డం వచ్చాడు. ఇది కతోలిక బోధ కాదు. లోకాన్ని ప్రేమించి కుమారుణ్ణి పంపింది తండ్రే. మనం ఇంకా పాపులుగా ఉండగానే ఆ ప్రేమ మొదలైందని పౌలు రోమీయులకు రాశాడు. సిలువ తర్వాత దేవుని మనసు మారలేదు, మారవలసింది మన స్థితి. పదమూడో శతాబ్దపు వేదాంతి పునీత తోమా అక్వినాసు ఒక మాట అన్నాడు, వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఏ పరిహారమూ లేకుండా దేవుడు మనల్ని విడిపించదలచుకుని ఉంటే అది న్యాయానికి విరుద్ధమయ్యేది కాదట. అంటే సిలువ దేవుని మెడకు చుట్టుకున్న నిర్బంధం కాదు, ఆయన ఎంచుకున్న దారి. ఎందుకు ఎంచుకున్నాడంటే, మన తప్పును ఏమీ జరగనట్టు తుడిచేయకుండా, మన పక్షాన మనిషిగా నిలబడి, మనం ఇవ్వని విధేయతను చివరిదాకా ఇవ్వడానికి. తప్పు మనిషిది, అందుకని పరిహారం చేసేవాడు మనిషై ఉండాలి. అది మనిషి వల్ల అయ్యే పని కాదు, అందుకని ఆయన దేవుడై ఉండాలి. కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి పునీత అన్సెల్ము పదకొండో శతాబ్దం చివర్లో ఈ వాదనను విడమరిచి రాశాడు. చూశారా, మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం.

గురువు దగ్గరికి ఎందుకు వెళ్ళాలి? దేవుడు నేరుగా క్షమించలేడనా? క్షమించగలడు. దేవుని మీద ప్రేమతో పుట్టిన ఉత్తమ మనస్తాపం ఉంటే, వీలైనంత త్వరగా పాపసంకీర్తనం చేయాలన్న (గురువుకు పాపాలు చెప్పుకోవాలన్న) నిశ్చయం కూడా దానిలో ఉంటే, చావైన పాపం, అంటే అన్నిటికంటే తీవ్రమైన పాపం, సైతం పోతుందని శ్రీసభే చెబుతుంది. అయినా యేసు ఒక పద్ధతి పెట్టాడు. యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయంలో, ఉత్థానమైన ఆదివారం సాయంత్రం, తలుపులు మూసుకుని భయంతో ఉన్న శిష్యుల మధ్య నిలబడి, వారి మీద శ్వాస ఊది పవిత్రాత్మను పొందమన్నాడు. మీరు ఎవరి పాపాలు క్షమిస్తే అవి క్షమింపబడతాయి, ఎవరివి నిలిపి ఉంచితే అవి నిలిచి ఉంటాయి అన్నాడు. క్షమించాలా, నిలిపి ఉంచాలా అన్నది తేల్చాలంటే ముందు వినాలి. వినాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి.

ఈ పద్ధతి రూపం కాలాన్ని బట్టి మారింది, దాచాల్సిన పనిలేదు. తొలి శతాబ్దాల్లో ఘోరమైన పాపాలకు అందరికీ తెలిసేలా ఏళ్ళ తరబడి ప్రాయశ్చిత్తం ఉండేది. 250లో డేసియుసు చక్రవర్తి దేవతలకు బలి ఇవ్వాలని ఆజ్ఞ వేస్తే, ప్రాణభయంతో బలి ఇచ్చిన క్రైస్తవులున్నారు. ఇవ్వకుండానే ఇచ్చినట్టు పత్రాలు సంపాదించినవాళ్ళూ ఉన్నారు. హింస తగ్గాక వాళ్ళు ఏడుస్తూ తిరిగొచ్చారు. వాళ్ళను చేర్చుకునే అధికారం శ్రీసభకు లేదని రోములో నొవాసియను అనే గురువు అడ్డం తిరిగాడు. పోపు కొర్నేలియుసు, కార్తేజి పీఠాధిపతి సిప్రియను ఒప్పుకోలేదు. ప్రాయశ్చిత్తం చేస్తే తలుపు తెరిచే ఉంటుందన్నారు. వెళ్ళిపోయి తిరిగొచ్చినవాళ్ళ విషయంలో శ్రీసభ 251లోనే ఏ పక్షాన నిలబడిందో మీకు తెలియాలనే ఇది చెబుతున్నాను. తర్వాత ఏడో శతాబ్దంలో ఐర్లాండు సన్యాసుల వల్ల, గురువుకు ఒంటరిగా చెప్పుకునే, ఎన్నిసార్లయినా చేసుకోగల పద్ధతి ఐరోపా అంతా పాకింది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలన్న కట్టడ 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ పెట్టింది.

పాపసంకీర్తనంలో జరిగేది ఇది. మీకూ గురువుకూ మధ్య ఉండే జాలీ వెనుక మోకరించవచ్చు, ఎదురుగా కూర్చోవచ్చు. సిలువ గుర్తు వేసుకుని, ఇంతకుముందు పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్ళయిందో చెబుతారు. చావైన పాపాలు ఏవో, సుమారుగా ఎన్నిసార్లో చెబుతారు. కథలు, సాకులు, పక్కవాళ్ళ తప్పులు అక్కర్లేదు. చావైన పాపం అంటే విషయం తీవ్రమైనదై, అది తీవ్రమని తెలిసి, ఇష్టపూర్వకంగా చేసినది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది చావైన పాపం కాదు. గురువు ఒక ప్రాయశ్చిత్తం ఇస్తారు, మీరు పశ్చాత్తాప జపం చెబుతారు. ఆయన చెయ్యి చాపి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీ పాపాలను నేను క్షమిస్తున్నాను అంటారు. మీరు ఆమెన్ అంటారు. ఆ “నేను” ఎవరు? ఆ గురువైతే కఫర్నాములో బోధకులు అడిగిన ప్రశ్నే మనమూ అడగాలి. అక్కడ మాట్లాడుతున్నది క్రీస్తు, గురువు ఆయనకు నోరు అరువిచ్చినవాడు. అందుకే గురువు మంచివాడా కాదా అన్నదాన్ని బట్టి ఆ క్షమాపణ చెల్లడం, చెల్లకపోవడం ఉండదు. ఆయన పాపాలకు ఆయన కూడా వేరే గురువు ముందు మోకరించాల్సిందే. 2014 మార్చి 28న పునీత పేతురు బసిలికాలో పోపు ఫ్రాన్సిస్ పాపసంకీర్తనాలు వినడానికి వెళుతూ, ముందు తానే అందరూ చూస్తుండగా ఒక గురువు ఎదుట మోకరించారు.

విన్నది బయటకు పొక్కుతుందన్న భయం వదిలేయండి. చెప్పినవారి గుట్టు మాటతో గానీ, మరే విధంగా గానీ, ఏ కారణం చేతనైనా సరే బయటపెట్టడం గురువుకు పూర్తిగా నిషిద్ధం. నేరుగా బయటపెడితే ఆ క్షణమే ఆయనకు శ్రీసభ నుంచి బహిష్కారం పడుతుంది.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్న. క్షమాపణ పొందినట్టు అనిపించకపోతే ఎలా అన్నారు. అనిపించడం మీద అది ఆధారపడి లేదు. మనస్తాపం అంటే కన్నీళ్ళు రావడం కాదు, ఆ పాపాన్ని అసహ్యించుకుని ఇక చేయకూడదని సంకల్పించడం. మళ్ళీ పడతానేమో అన్న భయం ఉన్నా ఆ సంకల్పం నిజమైనదే. రేపటి జోస్యం ఎవరూ మిమ్మల్ని అడగడం లేదు. పేతురును చూడండి. ప్రధానార్చకుని వాకిట్లో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ యేసు ఎవరో తెలియదన్నాడు, మూడుసార్లు. ఉత్థానం తర్వాత సరస్సు ఒడ్డున యేసు మళ్ళీ బొగ్గుల మంటే వేసి, చేపలు కాల్చి పెట్టి, నన్ను ప్రేమిస్తున్నావా అని అతణ్ణి మూడుసార్లు అడిగాడు. ఆ మూడో ప్రశ్నకు పేతురు నొచ్చుకున్నాడని యోహాను రాశాడు. యేసు తన గొర్రెలను, అంటే తన జనాన్ని, అతనికి అప్పగించింది ఆ నొప్పి పూర్తిగా తగ్గాక కాదు, ఆ నొప్పిలోనే. డబ్బుకు యేసును పట్టించిన యూదా కూడా చేసినదానికి బాధపడ్డాడు, డబ్బు తిరిగి పడేశాడు. కానీ యేసు దగ్గరికి వెళ్ళలేదు.

ఒకసారి చెప్పి క్షమాపణ పొందిన పాపాన్ని, సరిగ్గా చెప్పానో లేదో అని మళ్ళీ మళ్ళీ తవ్వి చెప్పకండి. యేసుసభ స్థాపకులు లొయోలా ఇగ్నాసివారు 1522లో స్పెయిన్‌లోని మోంట్సెరాటు మఠంలో మూడు రోజుల పాటు తన జీవితం మొత్తం రాసుకుని పాపసంకీర్తనం చేశారు. అయినా ఆ తర్వాత దగ్గరలోని మాన్రెసా ఊళ్ళో ఉండగా ఏదో మిగిలిపోయిందన్న అనుమానం ఆయన్ని ప్రాణం తీసుకోవాలన్నంత దూరం తీసుకెళ్ళింది. చివరికి పాతవి మళ్ళీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాకే తేరుకున్నారు. మీకూ అలాంటి అనుమానాల బెడద ఉంటే ఒకే గురువు దగ్గరకు వెళ్ళండి, ఆయన ఆగమన్నచోట ఆగండి. నిజంగా మరచిపోయిన పాపం మిగతావాటితోపాటే క్షమింపబడుతుంది. తర్వాత గుర్తొస్తే, అది చావైనదైతే, ఈసారి వెళ్ళినప్పుడు చెప్పండి చాలు. కావాలని దాచడం మాత్రం వేరు, అలా చేస్తే మిగతా పాపాలకూ క్షమాపణ చెల్లదు.

క్షమాపణ దొరికినంత మాత్రాన పాపం చేసిన నష్టమంతా పోదు. ఎముక అతుక్కున్నా కాలు మళ్ళీ నడక నేర్చుకోవాలి, ప్రాయశ్చిత్తం అలాంటిది. ఎవరి డబ్బయినా కాజేసి ఉంటే తిరిగివ్వాలి, ఎవరి పేరైనా చెడగొట్టి ఉంటే సరిదిద్దాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నది యేసు తన ఇంట అడుగుపెట్టాకే. పవిత్రాత్మకు విరుద్ధమైన పాపం చేశానేమో, దానికి క్షమాపణ లేదట కదా అని కూడా అడిగారు. దేవుని కనికరాన్ని కావాలని, చివరిదాకా తోసివేయడం అది. క్షమాపణ కావాలని వెతుకుతున్న మనిషి ఆ స్థితిలో లేడు.

చేయాల్సిన పని చిన్నది. పూజకు ముందు హడావిడిగా వరుసలో నిలబడకుండా, విచారణ గురువుకు (మీ ప్రాంతపు చర్చి గురువుకు) ముందే ఫోన్ చేసి, చాలా ఏళ్ళయింది, కొంచెం సమయం కావాలని అడగండి. ముందు రోజు పది ఆజ్ఞలు దగ్గర పెట్టుకుని ఆత్మశోధన చేసుకోండి, గుర్తుండదనుకుంటే కాగితం మీద రాసుకోండి, అయ్యాక చింపేయండి. ఎలా మొదలుపెట్టాలో మరచిపోయానని చెబితే ఆయనే ఒక్కొక్కటీ అడుగుతారు. మీ పెళ్ళి శ్రీసభ పద్ధతిలో కాకుండా జరిగి ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి, దానికి వేరే దారి చూడాల్సి ఉంటుంది. చావైన పాపం ఉందనిపిస్తే పాపసంకీర్తనం అయ్యేదాకా పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోకుండా ఆగండి. పూజకు మాత్రం ఈ ఆదివారం నుంచే వెళ్ళొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.